నిదానం పరిగెత్తిన సినిమా

మార్చి 3

గడుగ్గాయికి మామయ్య దీవెనలు.

ఇది చదివి నన్ను నాలుగు తిట్టుకుంటావని తెలిసే రాస్తున్నాను. నిన్ను అడక్కుండా నీ చిరునామా ఒకాయనకి ఇచ్చేశాను. ఆయన సినిమా డైరెక్టరు. నవ్వకు, నిజమే.

మొన్న ఉదయం కింద బైండింగు షాపాయన మెట్లెక్కి వచ్చి నా భుజం తట్టాడు. తలుపు కొట్టి కొట్టి విసిగిపోయి ఉంటాడు పాపం. నా చెవులు ఇప్పుడు పూర్తిగా సెలవు తీసుకున్నాయి. ఆయన వెనకాల నల్లచొక్కా మనిషొకడు. చేతిలో మన పాత వారపత్రిక. అట్ట ఊడిపోయింది, మూలలు నలిగిపోయాయి. లోపలి పేజీలో నేను గీసిన మన నిదానం చంకకర్ర ఎత్తి నిలబడి ఉన్నాడు. నాకు కుర్చీలోంచి లేవాలని కూడా తోచలేదు.

చిన్నతనంలో ఆయన ఏదో జబ్బు చేసి చాలాకాలం ఆస్పత్రిలో ఉన్నాడట. పక్క మంచం వాళ్ళు వదిలేసి వెళ్ళిన పత్రికలో నిదానం కనిపించాడట. "మీ నిదానమే నన్ను మంచం మీంచి లేపాడండీ" అన్నాడు. బైండరు ఆ మాట నా చెవిలో అరిచి చెప్పేసరికి కిందున్న కుక్క మొరిగింది.

అసలు నిదానం ఎలా పుట్టాడని అడిగాడు డైరెక్టరు. నీ సంగతి చెప్పాను. నీకు గుర్తుందో లేదో. బడికి వెళ్ళే దారిలో మీ అన్నలిద్దరూ పరిగెత్తి వెళ్ళిపోతుంటే, నువ్వు చంకకర్రతో రోడ్డు మీద ఒక్కటి కొట్టి "ఆగండీ!" అని కేక పెట్టావు. అన్నలు ఆగారు సరే, అటుగా పోతున్న సైకిలాయన కూడా భయపడి ఆగిపోయాడు. నేను నీ పుస్తకాల సంచీ మోస్తూ వెనకాల ఉన్నాను. ఆ వారమే పత్రికలో ఏదో పళ్ళపొడి ప్రకటన రాకుండా పోయింది. అర పేజీ ఖాళీ. మా ఎడిటరు పెద్దాయన "ఏదో ఒకటి గీసి ఆ బొక్క పూడ్చవయ్యా" అని అరిచాడు. కాళ్ళకి ఇనప బద్దెలు, చంకల్లో కర్రలు ఉన్న మనిషిని గీశాను. వాడు కర్రతో నేలని కొడితే చుట్టుపక్కల ఉన్న లోకమంతా వాడి నడక వేగానికి దిగిపోతుంది. దొంగ తేనెలో పడ్డ చీమలా కొట్టుకుంటుంటే వీడు తీరిగ్గా వెళ్ళి పర్సు తీసుకుని "తొందరేముంది?" అంటాడు. అంతే కథ. పై వారానికి ఉత్తరాలు బస్తాలో వచ్చాయి. పెద్దాయన పోయేదాకా నిదానం ఆ పత్రికలో ఒక్క వారం కూడా తప్పలేదు.

హీరోకి నడక నేర్పడానికి మనిషి కావాలట. "గీసిన నేను చెప్పడం కంటే నడిచే పిల్ల చెబితే బాగుంటుంది" అన్నాను. నువ్వింకా నాకు పిల్లవే మరి.

కళ్ళజోళ్ళ షాపులో మీ ఓనరు సెలవివ్వనంటే నేను ఉత్తరం రాస్తాను. ముసలివాళ్ళ ఉత్తరాలకి జనం భయపడతారు.

మీ
మామయ్య

---

మార్చి 12

మామయ్యకు,

తిట్టుకున్నాను. నాలుగు కాదు, ఇంకా ఎక్కువే. తర్వాత మంచి చీర కట్టుకుని వెళ్ళాను.

వాళ్ళ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. వికలాంగుడి సినిమా తీసేవాళ్ళ ఆఫీసుకి లిఫ్టు లేదేమిటండీ అంటే డైరెక్టరుగారు నిజంగానే సిగ్గుపడ్డాడు. మర్నాటి నుంచి కింద స్టోరు గదిలో బల్లలు జరిపించి చోటు చేశాడు. మనిషి మంచివాడే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కూర్చోమనడం మర్చిపోయాడు. నేనే కూర్చున్నాను.

హీరోగారిని కూడా చూశాను. పోస్టర్లలో ఉన్నంత పొడుగు లేడు. మొదటి రోజు కాలిపర్లు, అదే ఇనప బద్దెలు, తొడుక్కుని బల్ల చివర కూర్చుని "ఇవి ఎంతసేపు పెట్టుకుంటారు మీరు?" అని అడిగాడు. "పడుకునేదాకా" అన్నాను. వంగి పట్టీలు ఇంకాస్త బిగించుకున్నాడు.

ఓనరు సెలవిచ్చాడు. సినిమావాళ్ళు కళ్ళజోళ్ళు మన దగ్గరే కొనాలని చెప్పమన్నాడు. నా కుర్చీలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టాడు. అద్దాలు అరగదీయడం ఆ పిల్లకి రాదు, అంచులు పగలగొడుతోందట. లోపల నాకు కొంచెం సంతోషంగానే ఉంది.

ఒక్క సంగతి అడగాలి. పెద్దాయన పోయాక ఆయన కొడుకు వచ్చి నిదానం బద్దెలకి స్ప్రింగులు పెట్టించాడు చూడు, గెంతుకుంటూ మేడల మీదికి ఎక్కేవాడు. అప్పటినుంచి నేను ఆ పత్రిక చదవడం మానేశాను. నీతో ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు ప్రతి వారం పంపేవాడివి, నేను అట్ట కూడా విప్పేదాన్ని కాదు. ఈ సినిమాలో అలాంటి వేషాలేమీ ఉండవు కదా? వాణ్ణి పరిగెత్తించరు కదా? నేనడిగితే బాగుండదు, నువ్వు అడిగి రాయి.

చెవులకి నూనె వేసుకోవడం మానెయ్. డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నీ మేనకోడలు

---

ఏప్రిల్ 1

గడుగ్గాయికి,

నువ్వు పత్రిక విప్పేదానివి కాదని చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. నిన్ను తప్పుపట్టడం లేదు. నాకే విప్పాలనిపించేది కాదు.

ఆ స్ప్రింగులు నేను గీసినవే. చిన్నాయన ఏమన్నాడో తెలుసా? "కుంటివాడు ఎన్నేళ్ళు కుంటుతాడండీ? చదివేవాళ్ళకి విసుగు రాదూ?" అన్నాడు. స్ప్రింగులు చాలలేదు, రెక్కలు కావాలన్నాడు. రెక్కలు గీయనన్నాను. ఇంకో కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. ఆ కుర్రాడు మొహం బాగా గీసేవాడు కానీ కర్రలు ఏ చేతిలో ఉండాలో వాడికి తెలిసేది కాదు. ఒక పేజీలో కుడి కాలికి బద్దె, ఇంకో పేజీలో ఎడమ కాలికి. చివరికి కర్రలు పూర్తిగా ఎగిరిపోయాయి. మామూలు కండల వీరుడైపోయాడు నిదానం. అలాంటివాళ్ళు పక్క పత్రికల్లో బోలెడుమంది ఉన్నారు, మనదెవరు కొంటారు? పత్రిక మూసేశారు. మూసేముందు చిన్నాయనకే ఏమనిపించిందో, "చివరి సంచిక మీరే గీయండి" అని నన్ను పిలిచాడు. నాకు నచ్చినట్టు గీశాను. అదొక్కటీ నా మనసుకి నచ్చినట్టు ముగిసింది. మిగిలిపోయిన కాపీలన్నీ తూకానికి వేసేశారు.

నువ్వడిగిన సంగతి. డైరెక్టరుగారు మొన్న మళ్ళీ వచ్చాడు. బైండరు చేత అడిగించాను. "మీరు చివరి సంచికలో గీసిన ముగింపే మా సినిమాకీ ముగింపు" అన్నాడు. నా చేతులు రెండూ పట్టుకున్నాడు. హక్కులన్నీ చిన్నాయనవే అయినా, మీ సంతకం ఉంటే మాకు ఆశీర్వాదంలా ఉంటుందని కాగితం ముందు పెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత నా ముగింపు కావాలని ఒకడు వస్తే, ఏం చెయ్యమంటావు, కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టాను.

నిశ్చింతగా ఉండు.

మామయ్య

---

ఏప్రిల్ 19

మామయ్యకు,

హీరోగారు బాగా నేర్చుకున్నాడు. ముందంతా చంకలతో బరువు మోసేవాడు, రెండు చంకలూ పుండ్లు పడ్డాయి. బరువు అరచేతుల మీద వేయాలని చెప్పీ చెప్పీ నా నోరు పోయింది. ఇప్పుడు గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంటే, వెనక నుంచి చూస్తే, ఒక్కోసారి నాకే ఒళ్ళు జలదరిస్తుంది. పడటం కూడా నేర్పాను. పడబోతున్నామని తెలియగానే కర్రలు దూరంగా విసిరేయాలి, పక్కకి ఒరగాలి. పరుపులు వేసి పడితే చప్పట్లు కొడతారందరూ. నేను సిమెంటు మీద నేర్చుకున్నాను, చప్పట్లు లేకుండా.

ఇవన్నీ రాద్దామని మొదలుపెట్టాను కానీ రాయబుద్ధి కావడం లేదు.

నిన్న కథ మొత్తం చదివి వినిపించారు. చివర్లో నిదానం కర్రలు గోడకి ఆనించి, బద్దెలు విప్పేసి, పరిగెత్తుతాడు. ఊరంతా వెంట పరిగెత్తుతుంది. సంగీతం కూడా తయారైంది, వినిపించారు. నేను "ఇదేమిటండీ" అన్నాను. డైరెక్టరుగారు ఆ చివరి సంచిక తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది మీ మామయ్యగారి ముగింపేనండీ, ఆయన సంతకం కూడా పెట్టారు" అన్నాడు. నేను ఆ పత్రిక తెరవలేదు. అందరి ముందూ తెరిచి చూసే ధైర్యం లేకపోయింది.

చిన్నాయన అలా అంటే నాకు పట్టదు. నువ్వు కూడా అంతేనా మామయ్యా? నా సంచీ మోస్తూ వెనకాల నడిచినన్నాళ్ళూ, ఈ పిల్ల ఎప్పుడు వీటిని పారేసి పరిగెత్తుతుందా అనే చూశావా?

జవాబు రాయి. తొందరగా రాయి.

---

ఏప్రిల్ 28

అమ్మా, తల్లీ,

నీ ఉత్తరం నిన్న అందింది.

ఆ చివరి పేజీలో ఏముందో చెబుతాను. పై బొమ్మల్లో నిదానం ఇంటికొస్తాడు. సాయంత్రం అయింది. చివరి బొమ్మలో ఒక గది, గోడకి ఆనించిన రెండు కర్రలు, వాటి పక్కన విప్పిన బద్దెలు. కిటికీ. అంతే. మనిషి కనపడడు. ముందు మంచం కూడా గీశాను. చిన్నాయన కింద పత్రిక మూసేస్తున్నామన్న ప్రకటన వేయాలని బొమ్మని సగానికి కోయించాడు. మంచం ఆ సగంలో పోయింది.

కర్రలు గోడకి ఆనించి ఉన్నాయంటే మనిషి పడుకున్నాడని అర్థం. మీ ఇంట్లో నేను చూసిందే అది. నువ్వు పడుకున్నాక నీ మంచం పక్కన అవి అలాగే ఉండేవి. పని అయిపోయింది, వాడు నిద్రపోతున్నాడు. నేను గీసిన ముగింపు అది. వాటిని చూసి వాడు లేచి పరిగెత్తాడని ఎవరైనా అనుకుంటారని నా కలలో కూడా అనుకోలేదు. డైరెక్టరు "మీ ముగింపు" అంటే నాకు ఆ నిద్రే గుర్తొచ్చింది. సరిగ్గా వినపడి ఉంటే ఇంకో ప్రశ్న అడిగేవాణ్ణేమో.

ఆయనకి ఇప్పుడే రాస్తున్నాను. నువ్వు మాత్రం నా గురించి అలా అనుకోకు. అనుకున్నా, ఈ ఉత్తరం చదివాక అనుకోకు.

మామయ్య

---

మే 26

మామయ్యకు,

నెల దాటింది. నీ జవాబు రాలేదు. ఇక రాదని అర్థమైంది. నిన్ను సాధించడానికి రాయడం లేదు, ఎక్కడున్నానో తెలియాలి కదా అని రాస్తున్నాను.

నీకు రాసిన రెండో రోజే షూటింగుకి బయల్దేరాం. గది తాళం ఇంటావిడకి ఇచ్చి వచ్చాను. ఇక్కడికి రాయకు, నాలుగు రోజులు ఒకచోట ఉంటే గొప్ప.

హీరోగారు ముందు నుంచి తీసినంతసేపూ బాగానే చేస్తున్నాడు. మెట్లు, గుంతలు, తడి నేల అయితే కుదరడం లేదు. జాగ్రత్తగా నడుస్తున్నట్టు తెలిసిపోతోంది. నేను ముప్పై ఏళ్ళకి పైగా జాగ్రత్తగానే నడుస్తున్నాను, కానీ అది బయటికి కనపడదు కదా. అందుకని వెనక నుంచి తీసే వాటికి, నడుం కింద నుంచి తీసే వాటికి నన్ను అడిగారు. జుట్టు కత్తిరించి హీరోగారి చొక్కా ప్యాంటు తొడిగారు. అద్దంలో చూసుకుంటే మా చిన్నన్నలా ఉన్నాను.

ఒప్పుకున్నాను. ఎందుకంటావేమో. చివర్లో వాళ్ళు వాణ్ణి ఎలాగూ పరిగెత్తిస్తారు. అప్పటిదాకా ఉన్న నడకైనా నిజం నడక కానివ్వు. పైన మొహం ఎవరిదైతేనేం.

నాతో బాగానే ఉంటారు అందరూ. లైట్లు మోసే ఆయన నా కోసం ఎక్కడికెళ్ళినా ఒక కుర్చీ మోసుకొస్తాడు. 'మేడమ్ కుర్చీ' అని దాని మీద సుద్దముక్కతో రాశాడు.

నీ ఆరోగ్యం చూసుకో.

మేనకోడలు

---

జూన్ 4

గడుగ్గాయీ,

నేను రాశానే! ఏప్రిల్‌లోనే రాశాను. మీ ఇంటావిడ దగ్గర ఉండి ఉంటుంది. ఇదీ అక్కడికే పోతుందని తెలుసు, ఇంకెక్కడికి పంపను? సినిమా ఆఫీసుకి కూడా ఒకటి పంపాను, తిరిగొచ్చింది. డైరెక్టరుకి రాసిన దానికి జవాబు లేదు. బైండరు చేత వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేయించాను. "అందరూ షూటింగులో ఉన్నారు" అని పెట్టేశారట.

మెట్ల మీద చేయకు. తడి నేల మీద అసలు చేయకు. నిదానం నడక నిజంగా లేకపోతే కొంపలేమీ మునగవు. వాడు కాగితం మీదివాడు. నువ్వు కాదు. ఈ మాట నీకు చేరేలోపల షూటింగే అయిపోతుందేమోనని తెలిసి కూడా రాస్తున్నాను. రాయకుండా కూర్చోలేకపోతున్నాను.

మామయ్య

---

ఆగస్టు 2

మామయ్యకు,

నీ ఉత్తరాలు రెండూ ఇంటావిడ ఇచ్చింది. చదివాను. గోడకి ఆనించిన కర్రలు చూస్తే మనిషి మంచం మీద ఉన్నాడని నాకు తెలియదా? ఆ రోజు పత్రిక తెరిచి ఉంటే తెలిసేది. నీ మీద కోపమేమీ లేదు.

షూటింగు అయిపోయింది. కొంచెం నడుం పట్టేసింది, విశ్రాంతిగా ఉన్నాను. అందుకే రాత వంకరగా ఉంది. షాపుకి ఇంకా వెళ్ళడం లేదు.

ఎక్కువ రాయలేను. ఉంటాను.

---

ఆగస్టు 15

అమ్మాయికి,

నాలుగు ముక్కలు రాశావు. కోపం లేదన్నావు కానీ, కోపం ఉన్నవాళ్ళు రాసే ఉత్తరం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీ అమ్మ కూడా ఇలాగే రాసేది. సరే. నిన్ను విసిగించను.

నీ ఊరొచ్చి నిన్ను చూద్దామనుకున్నాను. మొహం తిప్పుకుంటావేమోనని ఆగిపోయాను.

సినిమా అక్టోబరులో వస్తుందట. బజారులో గోడలనిండా పోస్టర్లు. 'నిదానం' అన్న అక్షరాలు మంటలు చిమ్ముకుంటూ దూసుకుపోతున్నట్టు వేశారు. బైండరు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, నీతో కలిసి నవ్వి ఉంటే బాగుండేది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూద్దామా? ఊ అంటే టిక్కెట్లు తీయిస్తాను.

మామయ్య

---

సెప్టెంబరు 6

మామయ్యకు,

ఇప్పుడు ప్రయాణం చేయలేను. నువ్వు చూసిరా. నా కోసం ఆగకు.

నువ్వు అనుకుంటున్నట్టేమీ లేదు.

---

అక్టోబరు 9

గడుగ్గాయీ, నీకేమైంది?

నిజం చెప్పు. ఏమైంది నీకు?

నిన్న బైండరు నన్ను సినిమాకి తీసుకెళ్ళాడు. మొదట్లో ప్రతి మాటా నా చెవిలో అరిచి చెబుతుంటే ముందు వరసవాళ్ళు తిరిగి కసురుకున్నారు. "వద్దులేవయ్యా, నేను చూసుకుంటాను" అన్నాను. ఆ తర్వాత నాకు మాటలు లేవు, పాటలు లేవు. హాల్లో అందరూ కథ వింటున్నారు, నేను నడక చూస్తూ కూర్చున్నాను.

హీరో మొహం కనిపించినప్పుడు వాడు హీరో. వెనక నుంచి చూపించగానే నువ్వు. ఎడమ కాలు వేసేముందు కుడి భుజం కాస్త ఎత్తి, ఒక్క క్షణం ఆగుతావు. ఆ భుజాన్ని నేను ఎన్నేళ్ళు గీశాను! ఎంత బట్ట కప్పితే మాత్రం నాకు తెలియదా? మొదటిసారి చూసినప్పుడు గర్వంగా బైండరు మోచేయి పొడిచి చూపించాను. "మా అమ్మాయే" అని గట్టిగా అన్నానట, పక్కవాళ్ళు మళ్ళీ కసిరారు.

తర్వాత వాన. ఆ పొడుగాటి మెట్లు. నిదానం పైకెక్కుతుంటే కర్ర జారి పడతాడు. హాలంతా అయ్యో అన్నట్టున్నారు, అందరి తలలూ కదిలాయి. నేను చూసింది వేరు. నువ్వు పడేటప్పుడు కర్రలు విసిరేస్తావు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇందులో వదల్లేదు. వదిలే వ్యవధి దొరకలేదు నీకు. కర్ర చేతిలో ఉండగానే మెట్టు అంచు మీద తుంటి పడింది. ఆ పాదం బయటికి తిరిగిపోయి అలాగే ఉండిపోయింది. అది నటన కాదు. ఎవరూ అలా నటించలేరు.

వెంటనే హీరో మొహం చూపించారు, వర్షంలో తడుస్తూ, పళ్ళు బిగించి. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి "ఆపండి" అని అరిచానట. బైండరు నన్ను బయటికి తీసుకొచ్చి కుళాయి దగ్గర మొహం కడిగించాడు. తర్వాత మళ్ళీ లోపలికి తీసుకెళ్ళమన్నాను. చివరిదాకా చూశాను, నువ్వు ఇంకోసారి లేచి నడుస్తావేమోనని. నడవలేదు. ఆ మెట్ల తర్వాత ఎక్కడా నువ్వు లేవు.

నడుం పట్టేసిందన్నావు. నిజం రాయి. ఇంటావిడ చేతనైనా రాయించు.

మామయ్య

---

అక్టోబరు 16

మామయ్యకు,

నువ్వు కనిపెట్టేస్తావని అనుకోలేదు. సినిమా చూసిన వాళ్ళెవరికీ తెలియలేదు. వాళ్ళ ఎడిటింగు ఆయనకి కూడా తెలియదట.

తుంటి విరిగింది. జూన్ మొదట్లోనే. నువ్వు తడి నేల మీద చేయకని రాసిన ఉత్తరం దారిలో ఉండి ఉంటుంది.

ఆ మెట్ల మీద అప్పటికి చాలాసార్లు ఎక్కాను. గొట్టాలతో వాన కురిపిస్తున్నారు. కర్రల కింది రబ్బరు బుడిపెలు నానిపోయాయి, మార్చుకోవాలని తెలుసు. డైరెక్టరుగారు దగ్గరికొచ్చి "బాగా వచ్చిందండీ, కానీ ఇంకొక్కసారి చేద్దామా? మీకు ఓపికుంటేనే" అన్నాడు. ఓపిక లేదంటే ఆపేసేవాడు. ఆ మాట ఒట్టేసి చెప్పగలను. నేనే చేద్దామన్నాను. నా నడక బాగుందని అంతమంది ముందు నన్ను ఎవరూ ఎప్పుడూ అనలేదు మామయ్యా. అడ్డం తప్పుకోమన్నారు, పాపం అన్నారు, జాగ్రత్త అన్నారు. బాగుందని అనలేదు. ఇంకోసారి చూపించమని అడగలేదు.

పడ్డాక చాలాసేపు కెమెరా ఆపలేదు. నేను నటిస్తున్నాననుకున్నారు. తర్వాత చప్పట్లు కొట్టారు. కుర్చీ మోసే ఆయన ఒక్కడే పరిగెత్తుకొచ్చాడు.

ఆస్పత్రిలో ప్లేటు వేశారు. ఎముక పలచగా ఉందట, అతుక్కోవాల్సినట్టు అతుక్కోలేదు. ఇక కాలిపర్లు తొడుక్కోవడం కుదరదని డాక్టరు మెల్లగా చెప్పింది. చక్రాల కుర్చీ ఇచ్చారు. ఇంటావిడ తన కింది గది నాకిచ్చి తను పైకి మారింది. షాపు ఓనరు వచ్చి చూసి, నా కుర్చీలో కూర్చున్న పిల్ల ఇప్పుడు బాగా నేర్చుకుందని చెప్పి వెళ్ళాడు. అర్థమైంది.

హీరోగారు పూలు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. డైరెక్టరుగారు ఖర్చులన్నీ పెట్టుకున్నాడు. ఆ ముక్క సినిమాలో ఉంచమంటారా, తీసేయమంటారా అని నన్నే అడిగాడు. ఉంచమన్నాను. తీసేస్తే అది ఊరికే పోయినట్టుంటుంది కదా. మంచివాళ్ళే మామయ్యా, అదే నా బాధ. ఎవర్ని తిట్టుకోవాలో తెలియడం లేదు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు నిదానాన్ని గీసినందుకే ఇలా అయిందనుకుంటావు. అనుకుంటావు, నాకు తెలుసు. అనుకోకు.

సినిమాలో నా పేరు ఉందా? నువ్వు చివరిదాకా ఉన్నానన్నావు.

నీ
గడుగ్గాయి

---

అక్టోబరు 24

అమ్మా,

ఉత్తరం చదివి రెండు రోజులు మంచం దిగలేదు. బైండరు భోజనం తెచ్చి పెడితే తిన్నాను, తినకపోతే నీకు రాసేస్తానని బెదిరించాడు.

నీ పేరు లేదు. నా పేరుంది, చివర్లో, జనం లేచి వెళ్ళిపోతుంటే. అది తీసేయమని వాళ్ళకి రాశాను. ఈసారి డైరెక్టరు వెంటనే జవాబిచ్చాడు. ప్రింట్లన్నీ వెళ్ళిపోయాయట, ఏమీ చేయలేరట. ఆ మెట్ల ఘట్టం చూసి జనం ఏడుస్తున్నారని, అది నా నిదానానికి దక్కిన గౌరవమని రాశాడు. ఆ కాగితం నేను దాచుకోలేదు.

అనుకోవద్దన్నావు. అనుకోకుండా ఎలా ఉంటానే? అర పేజీ ఖాళీ నింపడానికి నీ నడక తీసుకున్నాను. నువ్వు రోడ్డు మీద కోపంతో కొట్టిన దెబ్బని నేను అందంగా గీశాను. అందరూ అదే చూశారు.

గురువారం బస్సుకి వస్తున్నాను. బైండరు కూడా వస్తాడు, నన్ను ఒంటరిగా పంపడట. ఆ సినిమా మాత్రం చూడకు. నా మాట విను. చూడకు.

మామయ్య

---

నవంబరు 5

మామయ్యకు,

క్షేమంగా చేరావని బైండరుగారు ఇంటావిడకి ఫోన్ చేశాడట. ఆయన నా కుర్చీ చక్రాలకి నూనె వేసి వెళ్ళాడు, ఇప్పుడు కిచకిచమనడం లేదు. థాంక్స్ చెప్పు.

నువ్వున్న మూడు రోజులూ మనం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. నేను అరవలేను, నీకు వినపడదు. కాగితం మీద రాసి చూపించుకోవడమూ చేతకాలేదు ఎందుకో, ఎదురుగా మనిషిని పెట్టుకుని. నువ్వు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశాను. చూడనట్టు ఉన్నాను. బయల్దేరేటప్పుడు నా సంచీ కోసం అలవాటుగా చెయ్యి చాపావు. నేనెక్కడికీ వెళ్ళడం లేదని తర్వాత గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నావు. అప్పుడు మాత్రం చాలా కష్టమైంది.

చూడొద్దన్నావు. నువ్వు వెళ్ళిన మర్నాడే చూశాను. ఇంటావిడ తోసుకుంటూ తీసుకెళ్ళింది, మధ్యాహ్నం ఆట. హాల్లో కుర్చీ పెట్టుకునే చోటు లేదు. ఆ గేటు మనిషి మంచివాడు, వెనకాల తలుపు పక్కన సందులో పెట్టించాడు.

మెట్లు వచ్చాయి. నేను కళ్ళు మూసుకోలేదు. పడటం చూశాను. బయటి నుంచి చూస్తే చాలా చిన్నగా ఉంది మామయ్యా, ఇంతేనా అనిపించింది. అంతకుముందు ఎక్కిన మెట్లు మాత్రం మళ్ళీ మళ్ళీ చూడాలనిపించింది. నా నడక నేనెప్పుడూ వెనక నుంచి చూసుకోలేదు. నువ్వు చూశావు, అందుకే గీశావు. బాగుంది. నిజంగానే బాగుంది. నువ్వు తప్పు చేయలేదు. ఇది నీకోసం అంటున్న మాట కాదు.

ఆ తర్వాత చాలాసేపటికి చివరిది వచ్చింది. సంగీతం మొదలైంది, అప్పుడు వినిపించారని రాశానే, అదే. నిదానం కర్రలు గోడకి ఆనించాడు. బద్దెలు విప్పడానికి వంగాడు. హాల్లో ఈలలు, కేకలు. ముందు వరసలో ఒకడు లేచాడు, తర్వాత వాడి వెనకవాళ్ళు, తర్వాత అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఇంటావిడ కూడా లేచింది, ఏడుస్తూ. కూర్చోమని ఎవరికని చెప్పను? నాకు జనం వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. వాళ్ళు మళ్ళీ కూర్చునేసరికి తెల్లటి తెర మీద పేర్లు పడుతున్నాయి.

ఇంటావిడని అడిగితే "పరిగెత్తాడమ్మా, ఎంత బాగా పరిగెత్తాడో" అంది, అంతకంటే చెప్పలేకపోయింది.

నువ్వు చివరిదాకా చూశావు కదా. ఎటు వెళ్ళాడో రాయి.

నీ
గడుగ్గాయి